గుడారమా, మందిరమా? – బైబిలులో దైవనివాస భావన

నిర్గమకాండమును కథాసక్తితో చదువువాడు 25వ అధ్యాయమునొద్ద తడబడి ఆగిపోవును. అంతవరకు ఐగుప్తులోని తెగుళ్లు, సముద్రతరణము, సీనాయి కొండపై ఉరుములు, పొగ – మహాకావ్యమునకు తగిన సామగ్రి యంతయు నున్నది. అటుపిమ్మట ఒక్కసారిగా తెరల కొలతలు, పలకల లెక్కలు, దిమ్మలు, కొలుకులు వచ్చిపడును. పది మూరల పొడవు, మూరన్నర వెడల్పు గల పలకలు 48. సన్నని నారతో నేసిన తెరలు 10. వానిపై మేకవెండ్రుకల తెరలు 11. ఆవరణము 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు. ఎం.ఎ. చదివిన దినములలో నేనీ అధ్యాయములను పుటలు పుటలుగా దాటవేసితిని. 31వ అధ్యాయము వరకు సాగిన ఈ పట్టిక, 35వ అధ్యాయము మొదలు 40 వరకు దాదాపు అవే మాటలతో మరల వచ్చుట చూచి, ఈ రచయితకు సంక్షేపమనునది తెలియదని తీర్పు కూడ చెప్పితిని. ఈ కథాభాగములను తెలుగు చేయవలసిన పని మీదపడిన తరువాత గాని ఆ తీర్పు ఎంత తొందరపాటో నాకు తెలిసిరాలేదు.

ఆ పట్టికకు తలవాకిట ఒక చిన్న వాక్యమున్నది. ప్రజలు తనకొక పరిశుద్ధస్థలమును నిర్మింపవలెనని దేవుడు మోషేతో చెప్పి, దాని ప్రయోజనమును కూడ అక్కడనే చెప్పుచున్నాడు. స్థలము నిర్మింపుడు, నేను అందులో నివసింతును అని ఉండుట మాటల సహజక్రమము. మూలమున అట్లు లేదు. స్థలము నిర్మింపుడు, నేను వారి నడుమ నివసింతును అని ఉన్నది. సర్వనామము ఏకవచనమున స్థలమును సూచింపవలసిన చోట బహువచనమై మనుష్యులను సూచించుచున్నది. కట్టునది కట్టడమే గాని, నివాసము మాత్రము జనములో. మన పాత అనువాదము ఇక్కడ ‘వారిలో’ అను మాటను వాడినది. ఈ ‘లో’ ప్రత్యయము అనువాదకునికి అయాచితముగా దొరకిన భాగ్యము. జనసమూహము నడుమ అను అర్థమును, ఒక్కొక్కని లోపల అను అర్థమును రెండింటిని అది మోయగలదు. మధ్యయుగముల తరువాతి యూదు వ్యాఖ్యాతలు కొందరు ఈ వాక్యమునుండి రెండవ అర్థమును లాగుటకు ఎంతో శ్రమపడిరి. తెలుగువానికి ఆ శ్రమ లేదు.

కాని ఆ వాక్యములోని క్రియ సంగతి వేరు. హీబ్రూలో ‘నివసించు’ అనుటకు ముఖ్యముగా రెండు ధాతువులున్నవి. ఒకటి ‘యాషబ్’: కూర్చుండుట, సింహాసనముపై నుండుట, ఇల్లు కట్టుకొని స్థిరపడుట. రెండవది ‘షాకన్’: దిగుట, విడియుట, గుడారము వేసికొని ఉండుట. దేవుడు జనుల నడుమ ఉండునని చెప్పవలసివచ్చినప్పుడు యాజకసంప్రదాయపు రచయితలు రెండవ ధాతువునే పట్టుకొనిరి. దానినుండియే ‘మిష్కాన్’ అను నామము పుట్టినది. అనగా విడిసిన చోటు. అమెరికా పండితుడు ఫ్రాంక్ మూర్ క్రాస్ 1947లో గుడారమును గురించి వ్రాసిన వ్యాసమున ఈ ధాతుభేదము యాదృచ్ఛికము కాదని వాదించెను. అంతకు ముందు, 1878లో, జర్మను విమర్శకుడు వెల్‌హౌజన్ ఈ ఎడారి గుడారము చారిత్రకసత్యము కాదనియు, యెరూషలేము దేవాలయమును తలచుకొని తరువాతివారు వెనుకటి కాలమునకు చేసిన ఆరోపణ యనియు వ్రాసెను. చరిత్ర మాట చరిత్రకారులు తేల్చుకొందురు. సాహిత్యము చదువువానికి వెల్‌హౌజన్ మాట నిజమైనచో ఈ గుడారము మరింత ఆశ్చర్యకరమగును. ఏలయన, రాతికట్టడమును ఎరిగిన రచయిత, బహుశః అది కూలిన తరువాత వ్రాసిన రచయిత, దేవునికి మరల గోడలు కట్టలేదు. తెరలు కట్టెను.

ఆ వర్ణనలో నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయము మందసపు మోతకర్రలు. మందసమనగా ధర్మశాసనపు పలకలుంచిన పెట్టె. రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. తుమ్మకర్రతో చేసి బంగారురేకు పొదిగినది. ఎడారిలో దొరకు కర్ర అది. మన పొలముగట్లపై పెరుగు తుమ్మకు జ్ఞాతి. ఆ పెట్టెకు నాలుగు ఉంగరములు, వానిలో రెండు మోతకర్రలు. ఆ కర్రలను ఎన్నడును ఉంగరములనుండి తీయరాదని ఆజ్ఞ. గర్భాలయమున ప్రతిష్ఠింపబడిన వస్తువునకు ప్రయాణసన్నాహము వీడరాదన్నమాట. కొన్ని శతాబ్దముల తరువాత సొలొమోను ఏడేండ్లు శ్రమించి, లెబానోను దేవదారులు తెప్పించి, 60 మూరల పొడవు గల మందిరమును కట్టించి, మందసమును అందు ఉంచెను. రాజుల మొదటి గ్రంథమున 8వ అధ్యాయమున ఆ ఉత్సవవర్ణన ఉన్నది. ఎడ్లు, గొర్రెలు, యాజకులు, మేఘము – అంతటి కోలాహలములో ఆ కథకుడు ఆగి, మోతకర్రలు పొడవైనవగుటచే వాని కొనలు ఎదుటి పరిశుద్ధస్థలమునుండి కనబడుచుండెనని ఒక మాట చెప్పి సాగిపోవును. వ్యాఖ్య లేదు. ఇల్లు కట్టినారు, కాని కర్రలు తీయలేదు. ఇంత పొదుపుగా వ్యంగ్యమును నిర్వహించుట మన ఆలంకారికులు మెచ్చదగిన పని.

అదే కథలో దావీదు ఘట్టము కలదు. రాజు తాను దేవదారు నగరులో నుండగా దేవుని మందసము తెరల నడుమ నుండుట సహింపలేక మందిరము కట్టుదునని నాతాను ప్రవక్తతో చెప్పెను. ప్రవక్త సరే యనెను. ఆ రాత్రియే దేవుడు ప్రవక్త మాటను రద్దుచేసెను. ఐగుప్తు విడిచిన నాటినుండి నేను గుడారములో తిరుగుచుంటిని గదా, నాకు ఇల్లెందుకు కట్టలేదని ఎవరినైనను అడిగితినా అని ఆ జవాబు సారాంశము. పైగా, నీవు నాకు ఇల్లు కట్టుటకాదు, నేనే నీకు ఇల్లు కట్టుదునని. ఇక్కడ హీబ్రూలో ఇల్లు, ఆలయము, వంశము మూడును ఒకే మాట: ‘బయిత్’. ఈ శ్లేష అనువాదములలో సాధారణముగ చచ్చిపోవును. తెలుగులో చావనక్కరలేదనియే నా అభిప్రాయము. వంశమునకు గుర్తు మనకు ‘ఇంటిపేరే’. సంస్కృతపు ‘మందిరము’ నాశ్రయించుటచేత చేతిలోని ‘ఇల్లు’ జారిపోయినది.

ఈ ‘మందిరము’ సంగతియే నా ముఖ్యమైన ఫిర్యాదు. మన పాత అనువాదము ఎడారిలోని మిష్కానును ‘మందిరము’ అనినది. యెరూషలేములోని రాతికట్టడమును కూడ ‘మందిరము’ అనినది. ‘ప్రత్యక్షపు గుడారము’ అను చక్కని మాట పక్కనే ఉన్నను, ఆ మాట మరియొక హీబ్రూ పదమునకు కేటాయింపబడినది. ఫలితమేమనగా, తెలుగు పాఠకునికి దావీదు కోరిక అర్థము కాదు. మోషే దినములనుండియే మందిరమున్నప్పుడు దావీదు క్రొత్తగా కట్టదలచినదేమి? అలెగ్జాండ్రియాలో క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున గ్రీకు అనువాదమునకు ఉపక్రమించినవారికి కూడ ఈ రెండు పదముల చిక్కు వచ్చినది. వారును రెండింటికి ఒకే మాట వాడిరి. అయితే ‘స్కేనే’ అను ఆ మాటకు గుడారమనియే అర్థము. కలిపివేయవలసివచ్చినపుడు వారు గుడారము వైపు కలిపిరి, మనము గుడి వైపు కలిపితిమి. ఇది చిన్న భేదము కాదు. వీరశైవులు మన సాహిత్యమునకు కానుకయిచ్చిన స్థావర జంగమ శబ్దములతో చెప్పవలెనన్న, మన అనువాదము జంగమమును స్థావరము చేసినది. (వీరశైవమున జంగముడనగా సంచరించు భక్తుడు, మనుష్యుడు. ఇక్కడ సంచరించునది నివాసమే. పోలిక అంతవరకే.)

నిర్గమకాండపు పునరుక్తి మాట మిగిలియున్నది. కొలతల పట్టిక రెండుమారులు వచ్చునని చెప్పితిని. ఆ రెండింటి నడుమ 32వ అధ్యాయమునుండి 34 వరకు ఏమున్నదో చూడుడు. బంగారు దూడ. కొండపైన దేవుడు జనుల నడుమ తానుండుటకు కొలతలు చెప్పుచుండగా, క్రింద జనులు తమ నడుమ నుండుటకు తామే ఒక దేవుని పోతపోసికొనుచున్నారు. అటుపై దేవుడు చెప్పిన మాట ఈ గ్రంథమున అన్నింటికంటె భయంకరమైనది: దూతను పంపుదును, దేశమిత్తును, కాని నేను మీ నడుమ రాను. వచ్చినచో త్రోవలోనే మిమ్ము దహించివేయుదునేమో యని. శిక్ష ఇక్కడ చావు కాదు, ఎడబాటు. మోషే, నీ సన్నిధి రానిచో మమ్ము ఇక్కడినుండి కదల్పవలదని మొండికెత్తును. దేశముకంటె సన్నిధి ముఖ్యమని అతని పట్టు. చివరకు దేవుడు ఒప్పుకొనును. ఆ ఒప్పుదల తరువాత వచ్చును రెండవ పట్టిక. అవే పలకలు, అవే తెరలు, అవే కొలుకులు. ఒక్క మూర తగ్గలేదు. నేరము జరిగిన తరువాత కొలత మారలేదని చెప్పుటకు దానిని మరల మొదటినుండి చివరవరకు చెప్పుటకంటె వేరుమార్గము ఆ రచయితకు తోచలేదు. నాకును ఇప్పుడు తోచుటలేదు. సంక్షేపించి యుండినచో క్షమ సంక్షిప్తమై యుండెడిది.

ఇంతతో ఈ భావన సుగమమైనదని అనుకొనరాదు. పవిత్రుడు నడుమ నున్నప్పుడు అపవిత్రులెక్కడ నుండవలెను? సంఖ్యాకాండము 2వ అధ్యాయమున గుడారము చుట్టు లేవీయులును, వారికావల తూర్పున యూదా, దక్షిణమున రూబేను, పడమట ఎఫ్రాయిము, ఉత్తరమున దాను ధ్వజములును విడియవలెనని ఏర్పాటు కలదు. 5వ అధ్యాయమునకు వచ్చునప్పటికి, కుష్ఠరోగులను, స్రావము గలవారిని, శవము ముట్టినవారిని వెలుపలికి పంపవలెనను విధి వచ్చును. కారణము, దేవుడు నడుమ నివసించుట! హీబ్రూలోని ‘మహనే’ శబ్దమును మన అనువాదకులు ‘పాళెము’ అనిరి. సేనలు విడిసిన చోటని దాని పూర్వార్థము. కాని ఊళ్లపేర్లు ‘పాలెము’తో ముగియు దేశమున ‘పాళెము వెలుపల’ అను మాట చెవిని పడగానే పాఠకునికి కనబడునది ఎడారి కాదు. ఊరికి దూరముగా నుండు వాడ. తెలుగుదేశమున ఈ గ్రంథమును హృదయమునకు హత్తుకొని చదివినవారిలో అత్యధికులు ఆ వాడలనుండియే వచ్చిరి. వారు ఈ విధిని ఎట్లు చదివియుందురు? మన విమర్శకులలో ఎవరును ఈ ప్రశ్న వేసినట్లు నేను చూడలేదు.

గుర్రం జాషువ 1941లో ‘గబ్బిలము’ ప్రకటించెను. గుడిలోనికి పోజాలని మనుష్యుడు, గుడిలోనికి పోగల గబ్బిలముచేత శివునికి తన గోడు చెప్పి పంపుట దాని కథావస్తువు. క్రైస్తవకుటుంబమున పుట్టి పెరిగిన ఆ కవి ఈ కల్పనను బైబిలునుండి గ్రహించెనని నేననను. దాని ఆకృతి మేఘసందేశమునుండి వచ్చినది, దాని మంట అనుభవమునుండి వచ్చినది. అయినను, దేవుని నివాసమునకు వాకిలియు, వాకిటికి కావలియు ఉన్నంతకాలము ‘నడుమ’ అను మాటకు అర్థమేమి అను ప్రశ్న రెండుచోట్లను ఒక్కటే. 1964లో అకాడమీ బహుమానము పొందిన ఆయన ‘క్రీస్తు చరిత్ర’ను దీని సరసన ఉంచి చదువవలసియున్నది. సాధారణముగ మనవారు ఆ రెండు గ్రంథములను వేరు వేరు అలమారులలో నుంచుదురు.

ఇంతకును బైబిలే ఈ విధిని ఒకచోట తనంతట తానే ప్రశ్నించుకొన్నది. లేవీయకాండము 16వ అధ్యాయమున ప్రాయశ్చిత్తదినపు విధులు చెప్పుచు, ఆ గుడారము జనుల అపవిత్రతల నడుమనే వారితో విడిసియున్నదని ఒక అర్ధవాక్యము. ఆ అర్ధవాక్యమును నేను చాలకాలము చూడలేదు. అపవిత్రులను వెలుపలికి పంపుడని చెప్పిన యాజకసంప్రదాయమే, అపవిత్రత నడుమనే సన్నిధి యున్నదని కూడ చెప్పుచున్నది. రెంటిని సమన్వయించు పూచీని అది పెట్టుకొనలేదు. క్రొత్తనిబంధనలోని హెబ్రీ పత్రిక ఆ బిగిని పట్టుకొని మరియొక అడుగు వేసెను. యేసు గవిని వెలుపల బాధనొందెను గనుక మనమును పాళెము వెలుపలికి ఆయనయొద్దకు పోవుదమని ఆ రచయిత 13వ అధ్యాయమున హెచ్చరించుచున్నాడు. నడిమిచోటు వెలుపలికి తరలినది. ‘పాళెము వెలుపల’ అను తెలుగు మాటకు ఇక్కడ వచ్చు బలము గ్రీకుమూలమునకు కూడ లేదేమో యని నా అనుమానము.

మరల సొలొమోను వద్దకు పోవలెను. మందిరప్రతిష్ఠ నాడు అతడు ముందుగా, నీవు సదా కూర్చుండుటకు ఇల్లు కట్టితినని గర్వముగా పలుకును. అక్కడి ధాతువు ‘యాషబ్’! కొంతసేపటికే ప్రార్థన నడుమ తానే శంకించి, దేవుడు నిజముగా భూమిపై నివసించునా, ఆకాశమే పట్టజాలనివానిని ఈ ఇల్లు పట్టునా యని ప్రశ్నించును. మూలమున మొదటిది ప్రశ్న. మన పాత అనువాదము దానిని నివాసము చేయడను నిశ్చయవాక్యముగా మార్చినది. ప్రశ్నార్థకపు గుర్తు పోయి ముగింపుచుక్క వచ్చినది. ఇది దోషమనియే చెప్పుదును. రాజు సందేహించుచున్నాడు, సిద్ధాంతము చేయుటలేదు. అతని గౌరవమంతయు ఆ సందేహములోనే యున్నది. ఆ వెంటనే అదే అనువాదము ‘ఆకాశమహాకాశములు’ అను సమాసమును సృష్టించి తన తప్పును సగము దిద్దుకొన్నది. ఘటాకాశ మహాకాశముల చర్చ విన్న చెవులకు ఆ సమాసములో వేరొక లోతు వినబడును.

ఆ మందిరము క్రీస్తుకు పూర్వము 586 ప్రాంతమున బబులోనువారి చేతిలో కాలిపోయినది. కాలకముందే అది వట్టిపోయినదని యెహెజ్కేలు దర్శనము. దైవతేజస్సు కెరూబునుండి లేచి గడపకు వచ్చినది. గడపనుండి తూర్పు గుమ్మమునకు, అటనుండి పట్టణమునకు తూర్పుననున్న కొండపైకి. ఒక్కొక్క అడుగుకు ఆగి ఆగి, వెనుదిరిగి చూచుచు ఇల్లు విడిచిపోవు ఇల్లాలివలె. చెరపట్టబడిన జనులకు అన్యదేశములలో తానే కొంతకాలము చిన్న పరిశుద్ధస్థలముగ నుంటినని 11వ అధ్యాయమున ఒక మాట. మోతకర్రలు తీయకుండుటకు కారణము ఇప్పుడు తెలియును. రెండవ దేవాలయమున ఆ పెట్టెయే లేదు. క్రీస్తుకు పూర్వము 63లో రోమను సేనాని పాంపే గర్భాలయములోనికి చొరబడగా లోపల ఏమియు లేదని తెలిసినదని టాసిటస్ వ్రాసెను. విగ్రహముండునని ఎదురుచూచినవారికి అది శూన్యము.

‘షెకీనా’ అను ప్రసిద్ధపదము హీబ్రూ బైబిలులో ఎక్కడను లేదు. అది రబ్బీల మాట, మరియు అనువాదకుల మాట. ఒంకెలోసు పేర ప్రసిద్ధమైన అరామిక్ అనువాదమున, నేను నివసింతునని దేవుడు చెప్పుచోట్ల, నా షెకీనాను నివసింపజేయుదునని మార్చబడినది. దేవుడు భూమిపై నివసించెననుటకు సంకోచపడి ఆ అనువాదకుడు ఒక తెర దించెను. తరువాత ఆ తెరయే ఒక మూర్తియైనది. ఇశ్రాయేలు ఎచ్చటికి చెరపోయినను షెకీనా వెంట పోయెనని తల్ముదు చెప్పినది. ఇద్దరు కూర్చుండి ధర్మశాస్త్రమును ముచ్చటించినచో వారి నడుమ అది యుండునని మిష్నా చెప్పినది. అనువాదకుని సంకోచమునుండి ఇంత పెద్ద భావన పుట్టుట మరియెక్కడను నేనెరుగను.

యోహాను సువార్త 1వ అధ్యాయమున వాక్యము శరీరియై మన నడుమ ఉండెనని చెప్పుచోట గ్రీకుక్రియ ‘స్కేనే’ నుండి పుట్టినది. గుడారము వేసెనని అక్షరార్థము. హీబ్రూ ‘షకన’లోని మూడు హల్లులే గ్రీకు మాటలోను వినబడుట కేవలము ధ్వనిసామ్యమే యైనను, రెండు భాషలెరిగిన ఆ రచయిత చెవికి అది తప్పిపోయి యుండదు. మన అనువాదము ఇక్కడ ‘నివసించెను’ అని సరిపుచ్చుకొన్నది. అదే క్రియ ప్రకటనగ్రంథము 7వ అధ్యాయమున రాగా గుడారము కప్పుటయైనది. 21వ అధ్యాయమున ‘కాపురముండును’ అయినది. ఒకే క్రియకు మూడు మాటలు. ఏకరూపత లేదని పండితులు తప్పుపట్టవచ్చును. నేను మాత్రము ‘కాపురము’ వద్ద చాలసేపు నిలిచిపోయితిని. లాటినులో అంతటి మాట లేదు. లూథరు జర్మనులో ఆ వాక్యమున గుడిసె అనెను, అది దీనికి చేరువ. కాపురమనగా ఇల్లు కాదు, కట్టడము కాదు. ఒకరితో నొకరు కూడియుండుట. పొయ్యి వెలిగించుకొనుట, పోట్లాడుకొనుట అన్నియు అందులో నున్నవి. దూడ కథ అంతయు అందులో నున్నది. మిషనరీలకు తోడ్పడిన పేరు తెలియని ఏ తెలుగువాడు ఆ మాట అందించెనో!

నా చిత్తుప్రతిలో యోహాను వాక్యమునకు మొదట ‘గుడారము వేసెను’ అని వ్రాసితిని. చదివి వినిపింపగా మిత్రుడొకడు నవ్వెను. డేరా వేసెననినచో, పిలువనిదే వచ్చి కదలని చుట్టము గుర్తుకువచ్చునని. అతనిది నిజమే. ‘బసచేసెను’ అనినచో సత్రపు వాసన. అప్పుడు పాతకావ్యములలోని ‘విడియు’ ధాతువు తోచినది. సేన విడిసెను, రాజు విడిసెను అని మన కవులు వాడినదే. విడిది దానినుండి పుట్టినదే. విడిది ఆడపెండ్లివారు సిద్ధపరచి యిత్తురు గదా. తెరలు నేసి, పలకలు చెక్కి ఇశ్రాయేలీయులు చేసినదియు అంతే. ‘మన నడుమ విడిసెను’ అని మార్చి, బి.ఏ. చదువుచున్న పిల్లకు చూపితిని. ఆ పిల్ల దానిని ‘విడిచెను’ అని చదివి, మనలను విడిచి ఎక్కడికి పోయెనని అడిగినది.

‘గుడారము వేసెను’, ‘విడిసెను’, ‘కాపురముండెను’ – మూడును ఆ పుట అంచున పెన్సిలుతో ఒకదానిక్రింద నొకటి వ్రాసియున్నవి. ఇంకను ఏదియు కొట్టివేయలేదు.